ఐదు సెకన్లు

రేపు ఎనిమిదింటికి బడి. ఈ రాత్రి
మిసెస్ గెడ్డిస్ వంటింటి బల్ల మీద
బొమ్మల కార్డులకి ప్లాస్టిక్ తొడుగుతున్నాను.
మెషీన్ ఒక్కొక్క దాన్నీ వేడివేడిగా
నాలుక చాపినట్టు బయటికి చాపుతోంది:
కుందేలు, తాడు, ఉంగరం.
ఇంగ్లీషులో అన్నీ ర తోనే మొదలు.

బయట వాన, అడ్డంగా.
జలసంధి మీంచి వచ్చే గాలికి
బ్లఫ్ ఊరు ఊరంతా ఒక పక్కకి మెడ వంచుకునే బతుకుతుంది.
వెల్లింగ్టన్‌లో పుట్టినదాన్ని, గాలంటే నాకు తెలుసనుకున్నాను.
అది ఉత్త ఈల.

సంచీ మూడోసారి సర్దాను.
చేతి అద్దం ఉంది, చెక్క పుల్లలున్నాయి,
డైనోసార్ స్టిక్కర్లు కావలసినదానికంటే ఎక్కువే ఉన్నాయి.
గంటల పుస్తకంలో నూరు నిండాలి,
ప్రతి గంట పక్కనా సూపర్‌వైజర్ సంతకంతో.
ఇప్పటికి పదకొండున్నర.

ఫైల్లో పేరు రాయకూడదు, మొదటి అక్షరమే.
"ఆర్. ఆరేళ్ళు. ర పలకదు. తరగతిలో నోరు విప్పడు."
తన పేరే తన గొంతుకి అడ్డంపడ్డవాడు.
ఇంట్లో అమ్మమ్మతో మావోరీ మాట్లాడతాడట.
ఆ ర వేరు, నాలుక ఒక్కసారి తాకి వదిలేసేది.
అది వస్తుందా రాదా అని
ఆ నాలుగు పేజీల్లో ఎవరూ అడగలేదు.
కాయితాన్ని టీ ట్రే కింద దాచాను.
ఇంత చిన్న ఊళ్ళో ఆ ఒక్క అక్షరం చూసి
ఇంటిపేరుతో సహా చెప్పేయగలదీవిడ.

ముప్ఫై ఏళ్ళు ఆల్చిప్పలు విప్పిన చేతులు.
"బలం అక్కర్లేదు, కత్తి ఎక్కడ పెట్టాలో తెలిస్తే చాలు" అంటే
గబగబా నోట్సులో రాసుకోబోయాను.
"రాసుకోకు. విప్పాక అది బతకదు కదమ్మాయ్" అంది.

కార్డొకటి తీసి చదివింది: పర్పుల్ షర్ట్.
ఆ ర గులకరాళ్ళ మీద బండి చక్రంలా దొర్లింది.
తాతలు స్కాట్లండ్ నుంచి ఓడలో తెచ్చిన సామాన్లలో
పగలకుండా మిగిలింది ఇదొక్కటేనట.
మా వైపు షర్ట్‌లో ర ఎప్పుడో రాలిపోయింది.
హెస్టర్ అన్న నా పేరు చివర
ఒక ర ఉందని ఈవిడ పిలిచాకే తెలిసింది.
నా మార్కుల కాయితంలో రెండే గడులు: ఒప్పు, తప్పు.
ఎవరి నోరు కొలబద్దగా గీశారో వీటిని?
పక్కన మూడో గడి గీశాను.
దానికేం పేరు పెట్టాలో తోచలేదు.

"మరి పిల్లాడు మాట్లాడకపోతే?"
ఆగుతాం.
"ఎంతసేపు?"
ఐదు సెకన్లు, పుస్తకంలో.
ఆవిడ అవెన్ మీది గడియారం వైపు తిరిగి కూచుంది.
"ఏదీ, నన్నడుగు."

ఈ బొమ్మలో ఏముంది?
రెండో సెకనుకే నా నోట్లోంచి "ర..." అని జారింది.
"ఓడావు" అంది.
మళ్ళీ. ఈసారి మూడు.
తర్వాత చేతులు తొడల కింద పెట్టుకున్నాను.
నాలుగు. ఫ్రిజ్ మూలుగు. ఐదు.
ఆవిడ పలకలేదు. ఆరు.
ఆవిడ మొహంలో ఆట ఎప్పుడు ఆగిపోయిందో గమనించలేదు నేను.
తొమ్మిదో పదో అయ్యుంటుంది,
కార్డు వంక చూడకుండానే అంది:
"మా తమ్ముడు ఎర్నీని కారిడార్లో నిలబెట్టేవాళ్ళు.
కోటు లేకుండా."
లేచి కప్పులు కడగడం మొదలెట్టింది.
కడిగినవే మళ్ళీ.

నేను పాఠం ప్లానులో ఐదు కొట్టేశాను.
వేరే అంకె రాయలేదు.
సూపర్‌వైజర్ అడుగుతుంది. అడగనీ.

ఇంతలో కాలిన వాసన.
చివరి కార్డు, వానది, మెషీన్లో ఇరుక్కుని
నల్లగా ముడుచుకుపోయింది.
మళ్ళీ గీసే ఓపిక లేదు, పదకొండు దాటింది.
వాన కావాల్సొస్తే
వాణ్ణి కిటికీ దగ్గరికి తీసుకెళ్తాను.
ఇద్దరం చూస్తాం.